ఆ గడిలో టిక్కు ఎవరు పెట్టారు?

పోయిన సంచికలో ఈ పేజీలో ఒక చిన్న మాట అన్నాను. అమెరికా ఆస్పత్రిలో మీ రేస్ ఏమిటని అడిగితే ఖాళీ వదలకండి, 'ఏషియన్' అని ఆగిపోకండి, 'ఏషియన్ ఇండియన్' అని చెప్పండి, క్యాన్సర్ లెక్కలు అక్కడే మొదలవుతాయి అని. దానికి ఇన్ని ఉత్తరాలు వస్తాయనుకోలేదు. కొన్ని మెచ్చుకుంటూ, కొన్ని తిడుతూ. ముందే చెబుతున్నా, నేను డాక్టర్ని కాను. అమెరికాలో ఒక ఆస్పత్రి క్యాన్సర్ రిజిస్ట్రీలో ఇరవై రెండేళ్లు పనిచేసి రిటైరయ్యాను. మమ్మల్ని ట్యూమర్ రిజిస్ట్రార్లు అనేవాళ్లు, ఈ మధ్య ఆ పేరు తీసేసి 'ఆంకాలజీ డేటా స్పెషలిస్ట్' అని పెట్టారు. పని మాత్రం అదే, ఊరందరి జబ్బు కాగితాలూ చదివి కంప్యూటర్లో అంకెలు కొట్టడం.

ప్రశ్న: మేడమ్, మా అత్తగారికి ఇక్కడ ఎడిసన్ దగ్గర రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ అయింది. డిశ్చార్జ్ కాగితాల్లో రేస్ దగ్గర 'అదర్' అని ఉంది. మమ్మల్ని ఎవరూ అడగనే లేదు. ట్రీట్‌మెంట్ బాగానే జరిగింది కదా, ఇప్పుడు దీని కోసం వెళ్లి వాళ్లతో గొడవ పడాలా?
(ఒక కోడలు, న్యూజెర్సీ)

జవాబు: గొడవ పడక్కర్లేదమ్మా. రిజిస్ట్రేషన్ వాళ్లకు ఫోన్ చేసి "రేస్ తప్పు పడింది, ఏషియన్ ఇండియన్ అని మార్చండి" అంటే రెండు నిమిషాల పని. చాలా ఆస్పత్రుల పోర్టల్‌లో మీరే మార్చుకోవచ్చు కూడా. మార్చినందువల్ల మీ అత్తగారి వైద్యంలో వెంట్రుకవాసి తేడా కూడా రాదు. తేడా వచ్చేది తర్వాతివాళ్లకు.

ఆ కాగితం ఎక్కడికి పోతుందో చెబుతాను. క్యాన్సర్ అని తేలిన ప్రతి కేసునూ ఆస్పత్రి తన రాష్ట్ర రిజిస్ట్రీకి తెలియజేయాలని అన్ని రాష్ట్రాల్లోనూ చట్టం ఉంది. అక్కణ్ణుంచి అది నేషనల్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ 1973 నుంచి నడుపుతున్న 'సీర్' అనే కార్యక్రమానికో, సీడీసీ (వ్యాధుల నివారణ చూసే అమెరికా ప్రభుత్వ సంస్థ) వాళ్ల కార్యక్రమానికో, రెండింటికో చేరుతుంది. ఏ జనంలో ఏ క్యాన్సర్ ఎంత, ఏ దశలో బయటపడుతోంది, ఎంతమంది బతుకుతున్నారు అని మీరు పేపర్లో చదివే అంకెలన్నీ అందులోంచి వచ్చినవే. రేస్‌కు అక్కడ రెండంకెల కోడ్ ఉంటుంది. తెల్లవారికి 01, నల్లవారికి 02, మనకు 16. 2010కి ముందైతే మనకూ పాకిస్తానీలకూ కలిపి 09 అని ఒకటే. ఉత్త 'ఏషియన్' అని ఉంటే 96, 'అదర్' అయితే 98, ఏమీ తెలియకపోతే 99. మీ అత్తగారు 16లో ఉండాల్సిన మనిషి. 98లో ఉంటే ఆవిడ లెక్కలోకి వచ్చినా మనవాళ్ల లెక్కలోకి రాలేదు.

నా బల్ల మీదికి వచ్చిన ఒక ఫైల్ ఇప్పటికీ గుర్తుంది. ఒంగోలు వైపు పెద్దాయన, పెద్దపేగు క్యాన్సర్, ఏడాదిలో మూడుసార్లు అడ్మిట్ అయ్యాడు. మొదటిసారి 'ఏషియన్', రెండోసారి 'బ్లాక్', మూడోసారి 'అన్‌నోన్'. మనిషి ఒకడే, పుట్టినతేదీ ఒకటే. రెండోసారి రాత్రి పదకొండింటికి ఎమర్జెన్సీకి వచ్చాడు, కౌంటర్లో ఉన్నమ్మాయి మనిషి రంగు చూసి, పేరు చివర ఉన్న బైబిల్ పేరు చూసి టిక్కు పెట్టేసి ఉంటుంది. ఆ అమ్మాయిని తిట్టలేం. అక్కడ ఎదుటి మనిషిని రేస్ అడగడమంటే మన దగ్గర పెళ్లిలో కొత్తవాళ్లను కులం అడిగినంత ఇబ్బంది, చూసి ఊహించేస్తే ఆ బాధ తప్పుతుంది. నేను కాగితాలు తిరగేస్తూ పోతే సోషల్ వర్కర్ రాసిన ఒక వాక్యం దొరికింది, పేషెంటు తెలుగులో మాట్లాడతాడు, కొడుకు ఇంగ్లీషులో చెబుతున్నాడు అని. 16 కొట్టాను. నా కుర్చీలో తెలుగంటే ఏమిటో తెలియనివాళ్లు ఉంటే ఆ ఒక్క మాట పట్టుకుని వెతికేంత తీరిక వాళ్లకుండాలి, రోజుకు ఇన్ని కేసులు పూర్తి చేయాలనే టెన్షన్‌లో ఎవరికుంటుంది?

ప్రశ్న: అమ్మా నమస్తే. మా అమ్మాయి డల్లాస్‌లో ఉద్యోగం చేస్తోంది, 42 ఏళ్లు. మామోగ్రామ్ (రొమ్ము ఎక్స్‌రే) తీయించుకోవే అంటే "ఏషియన్లకు రొమ్ము క్యాన్సర్ తక్కువమ్మా, నెట్‌లో చూశాను" అంటోంది. నిజమేనా?
(ఒక తల్లి, విజయవాడ)

జవాబు: మీ అమ్మాయి చదివింది లెక్క ప్రకారం తప్పు కాదు. తెల్లవారితో, నల్లవారితో పోలిస్తే ఏషియన్ స్త్రీలకు రొమ్ము క్యాన్సర్ రేటు తక్కువే. అయితే ఆ 'ఏషియన్' అనే సంచిలో ఎవరెవరున్నారు? చైనావాళ్లు, ఫిలిప్పీన్స్‌వాళ్లు, వియత్నాం, కొరియా, జపాన్, కంబోడియా, లావోస్, మనం, పాకిస్తాన్, బంగ్లాదేశ్. సోనా మసూరి, బాస్మతి, ఉప్పుడు బియ్యం ఒకే కుక్కర్‌లో పోసి ఎన్ని విజిళ్లు అని అడిగితే ఏం చెబుతాం? ఏదో ఒక అంకె చెబుతాం, ఒకటి ముద్దవుతుంది, ఇంకోటి పలుకుగా మిగిలిపోతుంది.

దీనికి అందరూ చెప్పే ఉదాహరణ ఒకటుంది, నాకు ఎన్నిసార్లు చెప్పినా విసుగు రాదు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ ఏషియన్లకు పెద్ద సమస్య కాదనిపించేది, ఎందుకంటే కలిపి చూస్తే అంకె మామూలుగానే ఉండేది. 1988 నుంచి 1992 దాకా ఉన్న సీర్ రికార్డులను దేశాలవారీగా విడదీస్తే, లక్షమంది వియత్నామీ స్త్రీలలో ఏడాదికి 43 మందికి అది వస్తోందని తేలింది. జపనీస్ స్త్రీలలో 6 కూడా లేదు. తెల్లవారికి ఉన్నదానికి వియత్నామీలది దాదాపు అయిదు రెట్లు. వీళ్లిద్దరినీ ఇన్నాళ్లూ ఒకే గడిలో కూర్చోబెట్టి సగటు తీశారు! వియత్నాం నుంచి శరణార్థులుగా వచ్చిన ఆ ఆడవాళ్లలో చాలామంది జన్మలో ఒక్క పాప్ టెస్ట్ (ఆ క్యాన్సర్‌ను ముందే పట్టే పరీక్ష) చేయించుకోనివాళ్లు. అంకె బయటపడ్డాకే దాన్ని చూపించి డబ్బు అడగడం, వాళ్ల భాషలో రేడియోలో చెప్పించడం, వాళ్ల వాళ్లనే ఇంటింటికీ పంపడం ఊపందుకున్నాయి. శాన్ ఫ్రాన్సిస్కోలోని కాలిఫోర్నియా యూనివర్సిటీ (యూసీఎస్ఎఫ్) వాళ్లు నడిపిన ఆ ప్రాజెక్టు వియత్నామీ పేరుకు అర్థం 'ఆరోగ్యమే బంగారం' అని. ఆ తర్వాతి దశాబ్దాల్లో వాళ్లలో ఆ క్యాన్సర్ బాగా తగ్గింది. కొరియావాళ్ల కడుపు క్యాన్సర్ కథా ఇలాంటిదే, కలిపి చూస్తే కనపడదు.

ఇక మన సంగతి. అమెరికాలో భారతీయ స్త్రీలకు వచ్చే క్యాన్సర్లలో రొమ్ము క్యాన్సరే మొదటిది, ఏషియన్ స్త్రీలలో అది పెరుగుతోంది కూడా. పైగా మనవాళ్లలో ఎక్కువమంది చదువుకుని, ఉద్యోగం మీద, ఆరోగ్యంగా, వయసులో వచ్చినవాళ్లు. వచ్చిన బ్యాచ్ ఇంకా ముసలితనంలోకి అడుగుపెడుతోంది. ఇప్పటి అంకె చూసి మనకు రాదు అనుకోవడం, పెళ్లైన కొత్తలో బీపీ నార్మల్ ఉందని యాభై ఏళ్లకు చూపించుకోకపోవడం లాంటిది. అసలు రేటు తక్కువైనంత మాత్రాన ఒక మనిషికి పరీక్ష వద్దని ఎవరూ అనలేదు. 2024లో అమెరికా ప్రివెంటివ్ సర్వీసెస్ టాస్క్‌ఫోర్స్ 40 నుంచి 74 ఏళ్ల దాకా రెండేళ్లకోసారి మామోగ్రామ్ అంది, అందులో రేస్ మినహాయింపు లేదు. ఇంట్లో ఎవరికైనా ముందే వచ్చి ఉంటే ఇంకా త్వరగా డాక్టర్‌తో మాట్లాడాలి. మీ అమ్మాయికి 42, ఇప్పటికే రెండేళ్లు దాటింది.

ప్రశ్న: మా నాన్నగారికి గ్రీన్‌కార్డ్ ఉంది, చికాగోలో మా దగ్గర ఉండగా లంగ్ క్యాన్సర్ అని తేలింది. రెండు కీమోలు అయ్యాక "నన్ను ఇంటికి తీసుకుపోరా" అన్నారు. హైదరాబాద్ తీసుకెళ్లాం. నాలుగు నెలలకు పోయారు. ఇప్పటికి రెండేళ్లైంది, ఏటా ఆ ఆస్పత్రి నుంచి "మీరెలా ఉన్నారు?" అని నాన్నగారి పేరు మీద ఉత్తరం వస్తోంది. అమ్మ చూస్తే ఏడుస్తుందని చించేస్తున్నాను. వాళ్లకు బుద్ధి లేదా?
(ఒక కొడుకు, ఇల్లినాయ్)

జవాబు: బాబూ, ఆ ఉత్తరాలు పంపే పనిలో నేనూ ఉన్నాను కాబట్టి ముందు వాళ్ల తరఫున నేనే క్షమించమంటున్నాను. అది బుద్ధి లేకపోవడం కాదు, వాళ్లకు తెలియకపోవడం. రిజిస్ట్రీ ఉన్న ఆస్పత్రి పేషెంటు సంగతి ఏటా కనుక్కోవాలి. ఎవరైనా అమెరికాలో చనిపోతే డెత్ సర్టిఫికెట్ ద్వారా, సోషల్ సెక్యూరిటీ ద్వారా ఆ కబురు ఎలాగో మా కంప్యూటర్‌కు చేరుతుంది. హైదరాబాద్‌లో పోతే ఎవరు చెబుతారు? మా దగ్గర ఆయన ఇంకా బతికే ఉన్నారు. ఎవరూ చెప్పకపోతే ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో అయిదేళ్లు, ఆరేళ్లు అయినా బతికే ఉంటారు!

నవ్వులాటకు అనడం లేదు. ఇలాంటి ఫైళ్లు నేను ఎన్ని చూశానో. చివరి రోజుల్లో సొంతూరికి వెళ్లిపోవడం మనవాళ్లలోనూ మెక్సికోవాళ్లలోనూ బాగా ఉంది, వెళ్లినవాళ్ల చావు అమెరికా లెక్కలో పడదు. దాంతో ఆ జనానికి క్యాన్సర్ వచ్చినా బాగా బతుకుతున్నారనే భ్రమ పుడుతుంది. వీళ్లకు బాగానే ఉంది కదా, ఇక వీళ్ల మీద పరిశోధన దేనికి అనుకుంటారు. రేస్ గడి సరిగ్గా పడినా చివరి తేదీ పడకపోతే లెక్క వంకరే.

మీరు చేయాల్సింది చిన్న పని. ఈసారి ఉత్తరం వస్తే దాని కిందే, పోయిన తేదీ, ఊరు, దేశం రాసి పంపండి. లేదా ఉత్తరంలో ఉన్న నంబర్‌కు ఫోన్ చేయండి, ఒక నిమిషం పడుతుంది, ఆపై ఉత్తరాలు ఆగిపోతాయి. ఒకసారి ఇలాగే ఒకావిడ ఫోన్ చేసి తేదీ చెప్పింది. అవతల ఏడుపు. నేను తెలుగులో "అమ్మా, కాసేపు ఆగి చెప్పండి" అన్నాను. తెలుగు వినేసరికి ఆవిడ అరగంట మాట్లాడింది. ఆ మధ్యాహ్నం ఇంకేమీ పని జరగలేదు.

(విజిటర్ వీసా మీద వచ్చినవాళ్ల సంగతి అడిగిన మరో పాఠకుడికి: ఆస్పత్రి ఆ కేసు రాసుకుంటుంది గానీ, నివాసం ఇండియా అయితే రాష్ట్రం రేటులో వేయరు. అది సబబే.)

ప్రశ్న: ఫారంలో మా వాడు 'ఇండియన్' అని రాశాడు. కంప్యూటర్లో 'అమెరికన్ ఇండియన్' అని ఎక్కింది. మేం రెడ్ ఇండియన్లమైపోయామని ఇంట్లో అందరం నవ్వుకున్నాం. ఇది మార్పించాలా, వదిలేయొచ్చా?
(ఫ్రీమాంట్ నుంచి)

జవాబు: మార్పించండి. ఇంకోమాట, 'రెడ్ ఇండియన్' అనే మాట ఇంట్లో కూడా మానేయండి, అది వాళ్ల ఒంటిరంగు పట్టుకుని వేరేవాళ్లు పెట్టిన పేరు. తెగ పేరు తెలిస్తే తెగ పేరు, తెలియకపోతే నేటివ్ అమెరికన్లు అంటే సరిపోతుంది.

మీకిది నవ్వులాట గానీ వాళ్లకు నష్టం. వాళ్ల సంఖ్య తక్కువ. ఒక కౌంటీలో వాళ్లు మూడు వందలమంది ఉన్నారనుకోండి, 'ఇండియన్' అన్న పొరపాటుతో మనవాళ్లు ఇద్దరు వాళ్ల ఖాతాలో పడినా రేటు ఎక్కడికో పోతుంది. ఇంకోవైపు వాళ్ల మనుషులే వాళ్ల ఖాతాలోంచి జారిపోతుంటారు. అమెరికాలో డెత్ సర్టిఫికెట్ మీద రేస్ నింపేది డాక్టర్ కాదు, అంత్యక్రియలు చూసే ఫ్యునరల్ డైరెక్టర్. ఇంటివాళ్లను అడిగి రాయాలి, చాలాసార్లు చూసి రాసేస్తాడు. అలా బతికినన్నాళ్లూ నేటివ్ అమెరికన్ అని చెప్పుకున్న మనిషి చనిపోయాక 'వైట్' అయిపోతాడు. ఇలా మారిపోయేవాళ్లు దాదాపు మూడో వంతు. అందుకే క్యాన్సర్ రిజిస్ట్రీలు తమ రికార్డులను ఇండియన్ హెల్త్ సర్వీస్ (నేటివ్ అమెరికన్లకు వైద్యం అందించే అమెరికా ప్రభుత్వ సంస్థ) రికార్డులతో పోల్చి, తప్పిపోయినవాళ్లను వెనక్కి తెచ్చుకుంటాయి. అలా సరిచేశాక వేస్తేనే అసలు బొమ్మ కనిపిస్తుంది. అలాస్కా నేటివ్‌లలో పెద్దపేగు క్యాన్సర్ ప్రపంచంలో ఎక్కడా నమోదు కానంత ఎక్కువ, అందుకే అక్కడ 40 ఏళ్లకే పరీక్షలు మొదలుపెట్టమంటారు. నైరుతి వైపు తెగల్లో ఊపిరితిత్తుల క్యాన్సర్ చాలా తక్కువ, ఉత్తర మైదానాల్లో చాలా ఎక్కువ. 'నేటివ్' అనేదీ ఒక కుక్కరేనన్నమాట.

ప్రశ్న: నా పాస్‌పోర్ట్‌లో ఇంటిపేరు, పేరు అన్నీ కలిపి ఒకే గడిలో పడ్డాయి. వీసాలో నా ఫస్ట్‌నేమ్ 'ఎఫ్ఎన్‌యూ'. బ్యాంకులో ఎఫ్ఎన్‌యూ, ఆఫీసులో ఎఫ్ఎన్‌యూ, ఇప్పుడు ఆస్పత్రిలోనూ అదే. మీ క్యాన్సర్ లెక్కలకు నా పేరు ఏమైనా అడ్డమా?
(ఎఫ్ఎన్‌యూ గారు, టెక్సస్)

జవాబు: ఎఫ్ఎన్‌యూ గారూ, మీకు తెలియని బంధువులు ఎంతమందో! 'ఫస్ట్ నేమ్ అన్‌నోన్' అనే ఈ పేరుతో తెలుగువాళ్లను ఇన్నేళ్లలో ఎందర్ని చూశానో లెక్కలేదు.

పేరు అడ్డమే, కొంచెం. రికార్డులో ఉత్త 'ఏషియన్' అని ఉండి దేశం తెలియనప్పుడు రిజిస్ట్రీలు ఒక కంప్యూటర్ పద్ధతి వాడతాయి. మొదట పుట్టిన దేశం చూస్తుంది, అది లేకపోతే పేరు చూసి ఊహిస్తుంది. గుయెన్ అంటే వియత్నాం, కిమ్ అంటే కొరియా, పటేల్ అంటే ఇండియా. తెలుగువాడి దగ్గర ఇది తడబడుతుంది. ఇంటిపేరు ముందు రాస్తాం, దాన్ని ఒక్క అక్షరానికి కుదిస్తాం, తండ్రి పేరు ఒకరు, ఊరి పేరు ఒకరు, కొడుకు చివరిపేరు తండ్రి చివరిపేరు కాదు. మన క్రైస్తవుల పేర్లు, ముస్లింల పేర్లు చూసి అది ఇండియా అని పట్టుకోవడం ఇంకా కష్టం. పుట్టిన దేశం ఉంటే గొడవే లేదు, కానీ బతికున్న పేషెంట్ల రికార్డుల్లో ఆ గడి చాలాసార్లు ఖాళీ. అమెరికాలో పుట్టిన మన పిల్లల విషయంలో అదీ పనిచేయదు, వాళ్లు పుట్టింది టెక్సస్‌లో ఏ ప్లేనోలోనో కదా. అందుకే నోటితో చెప్పడమే మేలు అనేది. పేరు మార్పించుకోవాలంటే అది వేరే తలనొప్పి, దానికీ నాకూ సంబంధం లేదు.

ప్రశ్న: మీ సలహా చదివి బాధేసింది. రేస్ అనేది సైన్స్ కాదని మీకు తెలియదా? రక్తంలో ఇండియన్, చైనీస్ అని ఉంటుందా? మనల్ని గడుల్లో పెట్టి చూసేవాళ్లకు మనమే టిక్కు పెట్టి ఇవ్వాలా? పైగా అక్కడి ఇప్పటి వాతావరణంలో వలస వచ్చినవాళ్ల వివరాలు ఎక్కడికి పోతాయో ఎవరికి తెలుసు?
(రిటైర్డ్ లెక్చరర్, హైదరాబాద్)

జవాబు: మాస్టారూ, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఇందులో సగం నాకూ ఒప్పుదలే. రేస్ గడులు ఎంత ఇష్టారాజ్యంగా పుట్టాయో మీకు ఇంకో ఉదాహరణ ఇస్తాను. అమెరికా సెన్సస్‌లో 1920, 1930, 1940లలో మనకు పెట్టిన రేస్ పేరు 'హిందూ'. సిక్కులైనా ముస్లింలైనా హిందూనే. 1970లో మనల్ని తెల్లవారిలో కలిపారు. మనవాళ్ల సంఘాలు అడగ్గా అడగ్గా 1980లో 'ఏషియన్ ఇండియన్' గడి వచ్చింది. యాభై అరవై ఏళ్లలో రక్తం మారలేదు కదా, గడి మారింది.

భయం కూడా ఊరికే పుట్టింది కాదు. 1942లో జపనీస్ అమెరికన్లను క్యాంపులకు తరలించేటప్పుడు ఏ వీధిలో ఎంతమంది ఉన్నారో సెన్సస్ లెక్కల నుంచే తీసుకున్నారు. క్యాన్సర్ రిజిస్ట్రీలకు గోప్యత చట్టాలు గట్టిగా ఉన్నాయి, పరిశోధకులకు వెళ్లేది పేర్లు తీసేసిన డేటా, అందులో వీసా వివరాలు ఉండవు. అయినా మీకు నమ్మకం కుదరకపోతే 'చెప్పను' అనే హక్కు పేషెంటుకు ఎప్పుడూ ఉంది. చెప్పకపోతే వైద్యం ఆపరు.

నేను మీతో విభేదించేది మిగతా సగంలో. రక్తంలో లేదు సరే, కానీ బతుకులో ఉంది. నల్లజాతి స్త్రీల సంగతి చూడండి. రొమ్ము క్యాన్సర్ వాళ్లకు తెల్లవారి కంటే కొంచెం తక్కువే వస్తుంది, దానితో చనిపోవడం మాత్రం దాదాపు 40 శాతం ఎక్కువ. ఇది జన్యువుల వల్లే అని తేల్చేయడానికి కొందరు సిద్ధం. ఒక్క విషయం అడ్డొస్తోంది: 1980 ప్రాంతంలో ఇద్దరి మరణాల రేటూ ఇంచుమించు ఒకటే. ఆ తర్వాత మామోగ్రామ్‌లు వచ్చాయి, కొత్త మందులు వచ్చాయి, తెల్లవారి గీత కిందికి దిగింది, వీళ్లది అంత దిగలేదు, మధ్యలో సందు పెరుగుతూ పోయింది. పదేళ్లలో జన్యువులు మారవు. మారింది ఎవరికి మందు ఎంత త్వరగా అందింది, ఎవరికి ఇన్సూరెన్స్ ఉంది, ఎవరు చెప్పిన నొప్పిని డాక్టర్ నమ్మాడు అనేది. (వాళ్లలో ఒక మొండి రకం కణితి రెండింతలు ఎక్కువగా కనిపించే మాటా నిజమే, అది ఒక ముక్క.) జన్యువుల వాదాన్ని కొట్టిపడేసే ఆయుధం ఆ గడిలోంచే వచ్చింది మాస్టారూ. గడి తీసేస్తే తేడా పోదు, తేడా ఉందని చూపించే కాగితం పోతుంది. కాలిఫోర్నియాలో 2003లో ప్రభుత్వం ఇలాంటి రేస్ వివరాలు సేకరించకూడదని ఒక ప్రతిపాదన ఓటింగ్‌కు పెట్టారు, ప్రజారోగ్యం వాళ్లు, డాక్టర్లు గట్టిగా ఎదురు తిరిగారు, అది ఓడిపోయింది.

మన దేశంలోనూ ఇలా విడదీసి చూసి బాగుపడ్డ సందర్భాలున్నాయి. 1963లో మొదలైన బొంబాయి రిజిస్ట్రీ మతాలవారీగా చూడబట్టే పార్సీ స్త్రీలలో రొమ్ము క్యాన్సర్ ఎక్కువని తేలింది. ఎవరూ దాన్ని అవమానం అనుకోలేదు.

ప్రశ్న: కొత్త ఫారాల్లో రేస్, ఎథ్నిసిటీ ఒకే ప్రశ్న కింద వస్తున్నాయి. ఏం మారింది?
(అట్లాంటా నుంచి, ఆస్పత్రి ఫ్రంట్ డెస్క్‌లో పనిచేస్తున్న పాఠకురాలు)

జవాబు: మీలాంటివాళ్లు రాసినందుకు సంతోషం, అసలు ఈ పేజీ అంతా మీ కౌంటర్ గురించే. రేస్ గడులు ఏవో నిర్ణయించే ఫెడరల్ నిబంధన 1977లో వచ్చింది. 1997లో మార్చి, ఏషియన్లనూ హవాయి, పసిఫిక్ దీవులవాళ్లనూ విడదీశారు, ఒకటికి మించి టిక్కులు పెట్టనిచ్చారు. 2024 మార్చిలో మళ్లీ మార్చారు. రేస్ ప్రశ్న, ఎథ్నిసిటీ ప్రశ్న (హిస్పానిక్ అవునా, కాదా అనేది) ఒకటయ్యాయి, అరబ్బు, ఇరాన్ వైపువాళ్లకు వేరే గడి వచ్చింది (ఇన్నాళ్లూ వాళ్లు 'వైట్' కింద పోయేవాళ్లు), ఏషియన్ కింద ఇండియన్, చైనీస్, ఫిలిపినో అని వివరం అడగడం మామూలు పద్ధతి అయింది. అమలుకు ఏళ్లు గడువిచ్చారు. కాలిఫోర్నియా 2016లో, న్యూయార్క్ 2021లో తమ రాష్ట్రాల్లో ఏషియన్లను విడదీసి లెక్కించే చట్టాలు తెచ్చాయి.

వివరం అడిగినంత మాత్రాన వెంటనే రేట్లు వచ్చేయవు. రేటు అంటే పైన లవం, కింద హారం. జబ్బు వచ్చినవాళ్లు లవం, అది ఆస్పత్రి ఇస్తుంది. మొత్తం జనం హారం, అది సెన్సస్ ఇవ్వాలి. మన జనం 2020 సెన్సస్‌లో దాదాపు 44 లక్షలు, ఒక్క 'ఏషియన్ ఇండియన్' అని మాత్రమే రాసినవాళ్లు. వయసులవారీగా, ఏటేటా, ఒక్కో కౌంటీలో ఆ అంకె ఎంత అంటే సెన్సస్ వాళ్లు తేలిగ్గా ఇవ్వరు. అందుకే మనమీద వచ్చే వ్యాసాలు తక్కువ, ఆలస్యం. డబ్బూ అంతే, 1992 నుంచి 2018 దాకా ఎన్‌ఐహెచ్ (వైద్య పరిశోధనలకు డబ్బిచ్చే అమెరికా ప్రభుత్వ సంస్థ) బడ్జెట్‌లో ఏషియన్లు, హవాయి, పసిఫిక్ దీవులవాళ్ల మీద క్లినికల్ పరిశోధనలకు వెళ్లింది 0.17 శాతం.

మీకు నా సలహా ఒక్కటే. "ఇది అందరినీ అడుగుతాం, మీరు ఎలా చెబితే అలా రాస్తాను" అని స్క్రీన్ పేషెంటు వైపు తిప్పండి. నేను చూసినంతలో, అలా అడిగితే విసుక్కునేవాళ్లు తక్కువ.

ప్రశ్న: మాది శ్రీకాకుళం జిల్లా, సముద్రం వైపు ఊరు. మా అమ్మ ఇప్పుడు సియాటిల్‌లో నా దగ్గరే ఉంటోంది. డెంటిస్ట్ దగ్గరికి తీసుకెళ్తే "స్మోకింగ్ ఉందా?" అని నన్నే అడిగాడు, ముసలామెను అడగడం బాగోదనేమో. నేను లేదన్నాను. నిజానికి అమ్మ ఊళ్లో అడ్డపొగ తాగేది. సిగ్గేసి చెప్పలేదు. చెప్పాల్సిందా?
(పేరు వద్దు)

జవాబు: చెప్పాల్సిందే తల్లీ, ఈ వారమే ఫోన్ చేసి చెప్పు.

తెలియని పాఠకుల కోసం: చుట్ట వెలిగించి, నిప్పు ఉన్న కొసను నోట్లో పెట్టుకుని తాగడాన్ని మా వైపు కాదు గానీ ఉత్తరాంధ్ర తీరంలో అడ్డపొగ అంటారు. తాగేవాళ్లలో ఆడవాళ్లే ఎక్కువ. గాలికి నిప్పు ఆరదనీ, పని చేసుకుంటూ తాగొచ్చనీ చెబుతారు. ఆ వేడీ పొగా తిన్నగా అంగిటికి తగులుతాయి. మామూలుగా నోటి క్యాన్సర్ అంగిట్లో రావడం అరుదు, ఇక్కడ అదే చోట వస్తుంది. 1971లో అచ్చయిన ఒక పెద్ద అధ్యయనంలో శ్రీకాకుళం జిల్లాలో 10,169 మంది గ్రామస్థుల నోళ్లు చూశారు, అడ్డపొగకూ అంగిట్లో మచ్చలకూ లంకె స్పష్టంగా కనిపించింది. తర్వాతి ఏళ్లలో అదే ప్రాంతంలో పొగ మానిపించే ప్రయత్నం చేస్తే ఆ మచ్చలు తగ్గాయి.

ఇప్పుడు చూడు, అమెరికా ఫారంలో మీ అమ్మకు 16 సరిగ్గా పడిందనుకుందాం. అందులో గుజరాత్‌లో గుట్కా నమిలినావిడా, చెన్నైలో ఏ అలవాటూ లేనావిడా, మీ అమ్మా ఒకటే. రెండంకెల కోడ్ అంతకంటే లోపలికి పోలేదు, పోవాలని కూడా నేను అనను, ఊరూరికీ ఒక గడి పెట్టలేం. అక్కణ్ణుంచి ఆ పని డాక్టర్ నోట్స్‌ది, అంటే ఇంటివాళ్లు చెప్పే మాటది. సియాటిల్ డెంటిస్ట్‌కు 'అడ్డపొగ' అంటే తెలియదు, 'రివర్స్ స్మోకింగ్' అని చెప్పు, ఎన్నేళ్లు తాగిందో చెప్పు, కట్టుడు పళ్లు ఉంటే తీయించి అంగిలి చూడమను. తెల్లటి మందమైన పొర, మధ్యమధ్య ఎర్రటి చుక్కలు ఉంటే నోటి సర్జన్ దగ్గరికి పంపుతాడు. అన్నీ క్యాన్సర్ కావు, కంగారు పడకు.

నువ్వు రాయని సంగతి ఒకటుంది. 'తాగేది' అన్నావు. మానేసి ఎన్నాళ్లయింది? లేక సియాటిల్‌లో చుట్ట దొరక్క ఆగిందా? వచ్చేటప్పుడు సామాన్లో నాలుగు కట్టలు తెచ్చుకుందేమో ఒకసారి కనుక్కుని రాయి.